రిమోట్ మీది అంకె, సీటు దగ్గరి చలి

ఒరేయ్,

మొన్న ఫోన్‌లో నీ గొంతు వింటే మనసుకి కష్టంగా అనిపించింది. పని ఎంతున్నా చేస్తాను గానీ ఈ ఏసీ పంచాయితీ నావల్ల కాదన్నావు చూడు, ఆ మాట అప్పటినుంచీ తొలుస్తూనే ఉంది. ఫోన్‌లో తేలే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇంత చిన్న దానికి ఇంత గొడవా అని మీ మేనేజర్ కొట్టిపారేశారన్నావు. నేనలా అనుకోను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వణుకుతూనో, చెమటలు తుడుచుకుంటూనో కూర్చోవడం చిన్న విషయం ఎలా అవుతుంది?

మా ఆఫీసులోనూ ఇదే నడిచింది. ఒకటే హాలు, ఒకటే ఏసీ, ఒకటే రిమోట్. కిటికీ పక్కన కూర్చునే కుర్రాడు వస్తూనే 20కి దించేవాడు. అకౌంట్స్ మేడమ్ లేచి వెళ్లి 25కి పెంచేవారు. భోజనాలయ్యేసరికి మళ్లీ 20. ఒకరినొకరు ఒక్క మాట అనుకునేవారు కాదు, కానీ రిమోట్ నొక్కిన చప్పుడు వినబడితే చాలు, ఇద్దరి మొహాలూ మాడిపోయేవి. పోనుపోను పని విషయాల్లో కూడా మాటలు తగ్గాయి. పక్క సీటుకి వెళ్లి అడిగితే తేలిపోయే సందేహానికి ఇద్దరూ మెయిల్స్ రాసుకునేవారు. చిలికి చిలికి గాలివాన అయిందంటారే, సరిగ్గా అదే.

ఆ మేడమ్ సీటు నా పక్కనే. భుజాల చుట్టూ శాలువా, కాళ్లకి మందపాటి సాక్సులు. అయినా కాసేపటికోసారి టైపింగ్ ఆపేసి రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవారు. వేళ్లు పాలిపోయి కనిపించేవి. ‘చలేస్తే స్వెటర్ వేసుకోవచ్చు, ఉక్కపోస్తే ఏం విప్పుతాం?’ అనే వాదన మీ దగ్గరా వచ్చే ఉంటుంది. అందులో కొంత నిజముంది, కాదనను. కానీ స్వెటర్ వేళ్లని కప్పదు కదా! ఒంట్లో వేడి పోతోందనిపిస్తే శరీరం ముందు చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గించి లోపలి అవయవాల్ని కాపాడుకుంటుంది. ఒంటిమీద ఎన్ని కప్పుకున్నా వేళ్లు కొంకర్లు పోతే కీబోర్డు మీద పనెలా సాగుతుంది?

చివరికి నేను చేసిందల్లా ఒక చిన్న థర్మామీటర్ కొని తేవడం. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం పూట ఒక్కో బల్ల మీదా కాసేపు పెట్టి చూశాను. రిమోట్ మీద 24 ఉంది. మేడమ్ బల్ల దగ్గర 21. కిటికీ పక్కన కుర్రాడి దగ్గర 27. అంటే ఇద్దరిలో ఎవరూ అతి చేయడం లేదు, ఇద్దరూ చెప్పింది నిజమే. ఏసీ సెన్సార్ తన దగ్గరికి తిరిగొచ్చే గాలిని కొలుస్తుంది తప్ప మన బల్ల దగ్గరి గాలిని కాదు. పైగా మేడమ్ తల మీదే చల్లగాలి వచ్చే గ్రిల్ ఉంది. కుర్రాడికేమో ఎండకి కాలిన అద్దం నుంచి సెగ నేరుగా తగులుతోంది. ఆ సెగ థర్మామీటర్‌లో పూర్తిగా కనిపించదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది.

దీని గురించి చదువుతుంటే డెన్మార్క్‌కి చెందిన ఫాంగర్ అనే శాస్త్రవేత్త పేరు తగిలింది. మనిషికి హాయిగా ఉందా లేదా అన్నది ఆరు విషయాల మీద ఆధారపడుతుందని 1970లో వచ్చిన పుస్తకంలో ఆయన లెక్కకట్టాడు. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ అద్దాల సెగ, గాలి వేగం, తేమ, వేసుకున్న బట్టలు, చేస్తున్న పని. రిమోట్‌తో మనం నేరుగా మార్చేది ప్రధానంగా మొదటిదాన్నే. మిగతావాటిని గాలికొదిలేసి ఆ ఒక్కదాని మీద కొట్టుకుంటున్నాం. అన్నీ చక్కగా కుదిరినా నూటికి ఐదుగురికి అసౌకర్యం తప్పదని కూడా ఆయన లెక్కలోనే ఉంది. కాబట్టి అందరికీ సరిపోయే అంకె కోసం వెతకడం మానెయ్.

ఇంకోటి. 2015లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఆఫీసు ఉష్ణోగ్రతల లెక్కలకి కొలమానంగా పెట్టుకున్నది 40 ఏళ్ల, 70 కిలోల మగమనిషినని ఎత్తిచూపారు. ఆ పద్ధతిలో ఆడవాళ్ల ఒంట్లో పుట్టే వేడిని 35 శాతం దాకా ఎక్కువ చేసి చూపే వీలుందట. 2019లో అచ్చయిన మరో అధ్యయనంలో బెర్లిన్‌లో 500 మందికి పైగా విద్యార్థులకి వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పరీక్షలు పెడితే, గది వెచ్చబడే కొద్దీ ఆడపిల్లలు లెక్కలూ మాటల పరీక్షలూ మెరుగ్గా చేశారు. మగపిల్లలు కొంత వెనకబడ్డారు గానీ ఆ తేడా చిన్నది. అలాగని దీన్ని ఆడా మగా తగాదాగా మార్చకు. మా ఆఫీసులో అందరికన్నా ఎక్కువ ఉక్కపోసేది ఒక సీనియర్ మేడమ్‌కే.

ఒరేయ్, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే ఉంది. ‘నీకొక్కదానికే ఎందుకంత చలి?’ అని నలుగురిలో అడగడం. థైరాయిడ్ తక్కువున్నవాళ్లకి చలి ఎక్కువేస్తుంది. రక్తం తక్కువున్నవాళ్లకీ అంతే. నెలసరి ఆగిపోయే వయసులో ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్ముతాయి. ఇవన్నీ ఆఫీసులో అందరి ముందూ చెప్పుకునే విషయాలా? చలిగా ఉందంటే చలిగా ఉన్నట్టే, కారణం అడిగే హక్కు మనకి లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నువ్వు గట్టిగా నిలబడాలి.

ఓటింగ్ పెడదామనుకుంటున్నానన్నావు. దయచేసి పెట్టకు. ఎక్కువమంది గెలుస్తారు, ఓడినవాళ్లు రోజూ అదే సీట్లో వణుకుతారు. ఇప్పుడు విసుక్కునే హక్కన్నా ఉంది, ఓటు వేశాక అదీ పోతుంది.

మేం చేసిందేంటంటే, ముందు మెయింటెనెన్స్ అతన్ని పిలిచి మేడమ్ తల మీద గ్రిల్ రెక్కలు పక్కకి తిప్పించాం. అంతకు ముందు ఎవరో దానికి అట్టముక్క అడ్డం పెట్టి టేపు వేశారు, దాంతో గాలంతా అవతలి వరసలో వాళ్ల మీద పడింది, అదో కొత్త గొడవ. కిటికీకి బ్లైండ్స్ వేయించాం, ఎండ రాకముందే దించేస్తున్నాం. కుర్రాడి బల్ల మీద చిన్న ఫ్యాన్ పెట్టాం. గాలి ఒంటికి తగిలితే చెమట ఆరి, గది రెండు డిగ్రీలు ఎక్కువున్నా అంతగా తెలియదు. సీటు మారాలనుకున్నవాళ్లని మారమన్నాం. సీనియర్ మేడమ్ సంతోషంగా గ్రిల్ కిందకి వచ్చేశారు! అప్పుడు ఏసీని 25 మీద ఉంచితే ఎవరూ లేచి రిమోట్ దగ్గరికి వెళ్లలేదు. నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. అంతా సర్దుకుందని చెప్పను, వాన పడి ముసురు పట్టిన రోజు తేమతో మళ్లీ సణుగుడు మొదలవుతుంది. కాకపోతే ఇప్పుడు ఒకరినొకరు అడిగి మారుస్తున్నారు.

సోమవారం నువ్వు ఆఫీసుకి వెళ్లగానే ముందు ఒక థర్మామీటర్ పట్టుకుని నీ టీమ్ సీట్లన్నీ తిరిగిరా. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎవరి తల మీద గాలి పడుతోందో, ఎవరి వీపుకి ఎండ తగులుతోందో ఓ కాగితం మీద గీసి నాకు ఫొటో పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం. మీ మేనేజర్‌తో మాట్లాడేది ఆ తర్వాతే, చేతిలో అంకెలుంటే ఆయన అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

ఉంటాను మరి. ఫొటో మర్చిపోకు.

నీ
నేస్తం