కూరగాయల మేలు ఎంత ఉందో అంతే చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. క్యాబేజీ, ముల్లంగి, బ్రోకలీ తింటే క్యాన్సర్ దరిచేరదని చెప్పే శీర్షికలు పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ, వాట్సాప్ సందేశాల్లోనూ తరచూ కనిపిస్తున్నాయి. జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఈ విషయం మీద నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఆ కూరగాయల్లో మేలు ఉంది, అందుకు పరిశోధనల ఆధారమూ ఉంది. అయితే ఆ మేలు ఎంతటిదో, ఎవరిలో దేన్ని కొలిచి తేల్చారో చెప్పకుండా ‘క్యాన్సర్ రాదు’ అని రాసేస్తే చదివినవారు కూరను మందుగా నమ్ముకుంటారు. మా వీధిలో ఒక పెద్దాయన నోట్లో పుండు ఎంతకీ మానకపోయినా, ఎవరో పంపిన సందేశం చూసి పొద్దున్నే క్యాబేజీ రసం తాగుతూ ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేస్తూ వచ్చారు. రెండు మూడు వారాలకు మానని పుండును వైద్యుడికి చూపించాలన్న మాట ఆ సందేశంలో ఎక్కడా లేదు.

మన కణాల్లోని డీఎన్‌ఏ రోజూ దెబ్బతింటూనే ఉంటుంది. పొగాకు పొగలోని బెంజోపైరీన్, మద్యం తాగాక ఒంట్లో తయారయ్యే ఎసిటాల్డిహైడ్, బూజు పట్టిన వేరుశనగలో చేరే అఫ్లాటాక్సిన్, చివరికి మనం పీల్చే ఆక్సిజన్ నుంచి పుట్టే కొన్ని చురుకైన అణువులు సైతం దాన్ని గాయపరుస్తాయి. ఆ గాయాల్లో చాలావాటిని కణమే సరిచేసుకుంటుంది. అలా సరికాకుండా మిగిలిన లోపం కణ విభజనను అదుపులో ఉంచే పీ53 వంటి జన్యువులో పడి, అలాంటివే మరికొన్ని ఏళ్ల తరబడి పోగుపడితే క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. కాబట్టి డీఎన్‌ఏకు తగిలే దెబ్బ తగ్గడం మంచిదే. కానీ దెబ్బ తగ్గిందని కొన్ని వారాల్లో రక్తపరీక్షతో చెప్పవచ్చు. క్యాన్సర్ తగ్గిందని చెప్పాలంటే వేల, లక్షల మందిని ఏళ్లకేళ్లు గమనించాలి. మన ఆరోగ్య వార్తల్లో మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ప్రకటించేస్తున్నారు.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, నూల్‌కోల్, ఆవాకు అన్నీ ఆవ కుటుంబానికి చెందినవే. వీటిలో గ్లూకోసినోలేట్లు అనే గంధక పదార్థాలు ఒకచోట, వాటిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. కోసినప్పుడో నమిలినప్పుడో కణాలు చితికి ఆ రెండూ కలుస్తాయి. ముల్లంగి తురిమేటప్పుడు ముక్కుకు తగిలే ఘాటు అలా పుట్టినదే. బ్రోకలీలో ఇలా తయారయ్యే సల్ఫోరఫేన్‌ను 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలాలే బృందం వేరుచేసి, హానికర పదార్థాలను నిర్వీర్యం చేసి బయటికి పంపే మన కణాల ఎంజైములను అది మేల్కొల్పుతుందని చూపించింది.

వండే తీరు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఎక్కువ వేడికి మైరోసినేజ్ పనిచేయకుండా పోతుంది, ముక్కలు ఉడికించి నీళ్లు వంచేస్తే గ్లూకోసినోలేట్లు కొన్ని ఆ నీళ్లతోనే పోతాయి. తరిగిన ముక్కలను కాసేపు అలా ఉంచి తరువాత తక్కువ నీటితో మగ్గించడం మంచిది. బ్రిటన్‌లో 12 మందితో చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 200 గ్రాముల ఉడికించిన బ్రోకలీ మీద ఒక గ్రాము ఆవపిండి చల్లి పెట్టినప్పుడు మూత్రంలో కనిపించిన సల్ఫోరఫేన్ ఆనవాళ్లు నాలుగు రెట్లకు పైగా పెరిగాయి, ఎందుకంటే పచ్చి ఆవాల్లో ఆ ఎంజైమ్ పనిచేసే స్థితిలో ఉంటుంది. మన ఆవ పెట్టిన కూరల్లో నూరిన పచ్చి ఆవాలను దించేముందు కలుపుతాం కదా, దించాక కలిపితే ఇంకా మేలు. తాలింపులో చిటపటలాడిన ఆవాలకు ఈ గుణం మిగలదు. ఇంతమాత్రానికే మన పూర్వీకులకు క్యాన్సర్ మందు తెలుసునని రాయవద్దని మనవి. వాళ్లు రుచి కోసం కలిపారు, అది చాలు.

ఇక మనుషుల మీద జరిగిన పరిశోధనలు. ఉత్తర ఐర్లండ్‌లో 60 మంది ఆరోగ్యవంతులకు ఎనిమిది వారాల పాటు రోజూ 85 గ్రాముల పచ్చి వాటర్‌క్రెస్ పెట్టారు. అదీ ఆవ కుటుంబపు ఆకుకూరే. తెల్ల రక్తకణాలను విద్యుత్ క్షేత్రంలో ఉంచితే, దెబ్బతిన్న డీఎన్‌ఏ తోకచుక్కలా తోక సాచి కనిపిస్తుంది. ఆ తోకను కొలిచి చూస్తే డీఎన్‌ఏ నష్టం 17 శాతం తగ్గిందని 2007లో ప్రకటించారు. చైనాలోని చిదోంగ్ ప్రాంతంలో 291 మందికి 12 వారాలు బ్రోకలీ మొలకల పానీయం ఇవ్వగా, గాలి కాలుష్యంతో ఒంట్లో చేరిన బెంజీన్ అనే క్యాన్సర్ కారకం బయటికి పోవడం 61 శాతం పెరిగింది. శీర్షికలకు ఇవి చక్కగా అమరే అంకెలు. అయితే ఐరోపాలోని పది దేశాల్లో సుమారు 4,78,000 మందిని గమనించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, రోజుకు 200 గ్రాముల కూరగాయలు, పండ్లు అదనంగా తినేవారిలో మొత్తం క్యాన్సర్ ముప్పు దాదాపు 3 శాతమే తక్కువగా కనిపించింది. కూరగాయలు బాగా తినేవారిలో పొగతాగేవారు తక్కువగా ఉండవచ్చు కాబట్టి, ఆ కాస్త తేడా కూడా పూర్తిగా కూరదే అనడానికి లేదు. పాఠకుడికి 17, 61 చెప్పినప్పుడు ఈ 3 కూడా చెప్పాలి.

కూరలోని పదార్థాన్ని మాత్రగా మింగితే సరిపోతుందన్న ఆశ ఇంతకన్నా ప్రమాదకరం. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులతో జరిగిన పరీక్షలో, క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. రెండేళ్ల తరువాత అమెరికా పరీక్షలోనూ అలాంటి ఫలితమే వచ్చి, దాన్ని గడువుకు ముందే ఆపేశారు. మా ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకొని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వారికి అంగిట్లో క్యాన్సర్ ముప్పు ఎక్కువని ఎప్పుడో నిర్ధారణ అయింది. వారికి కావలసింది చుట్ట మానిపించే సాయం, నోటి పరీక్ష. ఏ ఆకుకూరా ఆ నిప్పుకు విరుగుడు కాదు.

మేలు చిన్నదే అయినప్పుడు అది రోజూ, అందరికీ అందితేనే సమాజానికి ఫలితం ఉంటుంది. అందుకు ఖరీదైన బ్రోకలీయే అక్కరలేదు. తోటకూర, పాలకూరల్లో దొరికే ఫోలేట్ అనే విటమిన్ తక్కువైతే డీఎన్‌ఏలో థైమీన్ అనే భాగం ఉండవలసిన చోట యురాసిల్ అనే మరొకటి చేరి పోగులు తెగే అవకాశం ఉంటుంది కాబట్టి, మన ఆకుకూరలకూ ఇందులో పాత్ర ఉంది. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు 50 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల వారికి 75 గ్రాముల కూరగాయలు పెట్టాలని నిబంధన ఉంది. ధరలు మండిపోయే నెలల్లో ముందు కోతపడేది ఆ కూరకే.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. ఆహారం, క్యాన్సర్‌ల గురించి వార్త వేసినప్పుడు ఆ పరిశోధన గాజు పాత్రలోని కణాల మీద జరిగిందా, ఎలుకల మీదా, మనుషుల మీదా, కొలిచింది డీఎన్‌ఏ నష్టాన్నా, క్యాన్సర్ కేసులనా అన్నది మొదటి పేరాలోనే రాయించండి. అలాగే మీ జిల్లా విలేకరులను కొన్ని బడులకు పంపి, పిల్లల కంచంలో ఆ 50 గ్రాములు నిజంగా పడుతున్నాయో లేదో, ఆకుకూర వారంలో ఎన్నిసార్లు వండుతున్నారో, వంట చేసే మహిళలకు బిల్లులు సమయానికి అందుతున్నాయో లేదో కనుక్కొని ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
విజయనగరం