ఆరు నెలల కాంట్రాక్టుతో పరిశోధన ఎలా చేయమంటారు? జర్మనీ పరిశోధన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జర్మనీ సమాఖ్య పరిశోధన శాఖ మంత్రి డొరొతే బేర్ గారికి,

నమస్కారం. నేను మీ దేశంలోనే మెటీరియల్స్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక పరిశోధకుడిగా, పనిచేస్తున్న తెలుగువాణ్ని. మీ శాఖకు జర్మన్‌లో రాశాం, ఇంగ్లిష్‌లో రాశాం, సంతకాలు పెట్టి వినతిపత్రాలు పంపాం. అందాయన్న సమాచారం తప్ప జవాబు రాలేదు. అందుకే ఈసారి నా భాషలో, అందరూ చదివేలా రాస్తున్నాను. హైదరాబాద్‌లో, విశాఖలో ఎంటెక్ చేస్తూ జర్మనీలో పీహెచ్‌డీ కోసం ప్రొఫెసర్లకు మెయిల్స్ పెడుతున్న మా పిల్లలకు కూడా ఈ సంగతి తెలియాలి.

పరిశోధకుల తాత్కాలిక ఒప్పందాలపై 2007లో వచ్చిన చట్టం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. తాత్కాలిక కాంట్రాక్టు మీద పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు పనిచేయవచ్చు. ఆలోగా ప్రొఫెసర్ పోస్టో పర్మనెంట్ ఉద్యోగమో దొరకకపోతే దాదాపు దారి మూసుకుపోయినట్టే. ఆ గడువైనా నిండుగా మా చేతికి వస్తే ఇంత బాధ ఉండదు మంత్రి గారూ. మాకు వచ్చేవి ఏడాది ముక్కలు, ఆరు నెలల ముక్కలు. కాంట్రాక్టు కాలం పనికి తగినట్టు ఉండాలని 2016లో చట్టం సవరించారు. కనీసం ఇన్నేళ్లు ఉండాలని మాత్రం రాయలేదు. ఆ ఒక్క లోటే మా బతుకులను నడుపుతోంది.

ఆరు నెలల కాంట్రాక్టు అంటే ఏమిటో ఒకసారి వినండి. మొదటి రెండు నెలలు పరికరం సిద్ధం చేసుకోవడానికే సరిపోతాయి. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఎక్స్‌టెన్షన్ ఉంటుందా అని అడగడం మొదలుపెట్టాలి. ప్రాజెక్టు డబ్బు వస్తే చూద్దాం అంటారు ప్రొఫెసర్. ఆయన తప్పేమీ లేదు, ఆయన చేతిలోనూ ఏమీ లేదు. ఫలితాలు వచ్చే వేళకు మేం వేరే ఊళ్లో ఇంటర్వ్యూకి స్లైడ్లు తయారు చేసుకుంటూ ఉంటాం. నాట్లు వేయించి, వెన్ను తీసే సమయానికి కౌలు రద్దు చేసినట్టు ఉంటుంది మా పరిస్థితి.

జర్మన్ సహోద్యోగులకు పోయేది ఉద్యోగం. మాకు దాంతో పాటు వీసా కూడా పోయే ప్రమాదం. కాంట్రాక్టు ఎంతకాలం ఉంటే రెసిడెన్స్ కార్డు కూడా దాదాపు అంతకాలమే ఇస్తారు. కొత్త కాంట్రాక్టు మీద సంతకం ఆఖరి వారంలో పడుతుంది. విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ నెలల తర్వాత దొరుకుతుంది. ఈలోపు చేతిలో ఉండేది ఒక తాత్కాలిక కాగితం. అది చూపిస్తే ఇంటి ఓనర్ ఇల్లివ్వడు, బ్యాంకు లోనివ్వదు. ఖమ్మంలో నాన్నకు ఒంట్లో బాగాలేదంటే టికెట్ కొనడానికి కూడా భయపడాల్సి వస్తుంది. నా మీద ఆధారపడి వచ్చిన నా భార్య వీసా కూడా ఆ కాగితం వెనకే నడుస్తుంది. వీసాలు హోం శాఖ చూస్తుందంటారేమో. అదే క్యాబినెట్‌లో మీరూ కూర్చుంటారు కదా, ఒక్క మాట చెప్పలేరా?

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. బిడ్డ పుడితే గడువు రెండేళ్లు పెరుగుతుందని గొప్పగా చెబుతారు. పెరిగేది గరిష్ఠ పరిమితి మాత్రమే, ఆ రెండేళ్లూ ఉద్యోగం ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. బయటి ప్రాజెక్టు నిధులతో ఇచ్చిన కాంట్రాక్టయితే మెటర్నిటీ లీవులో గడిచిన కాలాన్ని కూడా చివర్లో కలపరు. నాతో పనిచేసిన ఒకామె చంటిబిడ్డతో ఇంట్లో ఉండగానే ఆమె కాంట్రాక్టు ముగిసిపోయింది. మా గ్రూపులో అందరికంటే బాగా మైక్రోస్కోప్ తెలిసిన మనిషి ఆమె. ఇప్పుడు పరిశోధనలోనే లేదు.

ఒక తరం అన్ని పోస్టుల్లో కూర్చుంటే వ్యవస్థ మూసుకుపోతుందని, అందుకే తాత్కాలిక కాంట్రాక్టులు కావాలని మీ శాఖ వీడియోలో హన్నా అనే పాత్రతో వివరించారు. 2021లో వేలమంది 'నేనే హన్నా' అంటూ తమ కథలు రాశారు. అదే ఏడాది మీ శాఖ నిధులతో వచ్చిన నివేదికలో, యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు కాని 45 ఏళ్లలోపు పరిశోధకుల్లో 92 శాతం మంది తాత్కాలిక ఒప్పందాల మీదే ఉన్నారని తేలింది. 2023లో పోస్ట్‌డాక్ గడువును మూడేళ్లకు కుదించే ప్రతిపాదన వచ్చింది, గొడవ కాగానే వెనక్కి పోయింది. 2024లో ఈ చట్టం సవరణ బిల్లు క్యాబినెట్ దాటింది. నవంబర్‌లో అప్పటి సంకీర్ణ ప్రభుత్వమే కూలింది, దాంతో బిల్లూ పోయింది. మీ సంకీర్ణ ఒప్పందంలో 2026 మధ్యకల్లా సవరిస్తామని రాసుకున్నారు. ఎన్నిసార్లు నమ్మమంటారు మమ్మల్ని?

ప్రపంచం నలుమూలల నుంచి వెయ్యిమంది పరిశోధకులను తెస్తామని 2025లో పథకం ప్రకటించారు. రానివ్వండి, సంతోషం. కానీ మీ డబ్బుతో చదివి, మీ భాష నేర్చుకుని, ఇక్కడే ఉండాలనుకుంటున్న మమ్మల్ని ఎందుకు పంపేస్తున్నారు?

దయచేసి చట్టంలో కనీస కాలం రాయండి. పీహెచ్‌డీకి అది పూర్తయ్యేంత కాలం, పోస్ట్‌డాక్‌కు కనీసం రెండేళ్లు. ప్రసూతి సెలవును ఏ నిధులతో ఇచ్చిన కాంట్రాక్టుకైనా కలపండి. ఏటా ఉండే బోధనకు, ఏటా నడిచే ల్యాబులకు పర్మనెంట్ పోస్టులివ్వండి. ముందుగా, మా వినతిపత్రాలకు జవాబివ్వండి. కుదరదంటే కుదరదనే రాయండి. మా పిల్లల్ని ఏ ఊరి బడిలో చేర్పించాలో మేం తేల్చుకోవాలి.

ఇట్లు,
మీ దేశంలో పనిచేస్తున్న ఒక తెలుగు పోస్ట్‌డాక్