‘అరబిక్ అనువాదం 90 శాతం సరి’ అంటే ఏ అరబిక్?

సంపాదకులకు నమస్కారం.

యంత్రాలు అరబిక్‌ను ఇంచుమించు మనిషి అంత బాగా అనువదిస్తున్నాయని, ఫలానా నమూనాకు (పాఠ్యం చూపి నేర్పిన కంప్యూటర్ ప్రోగ్రాంకు) 90 శాతం కచ్చితత్వం వచ్చిందని వార్తలు తరచు చదువుతున్నాం. ఆ అంకె ఏ అరబిక్ మీద వచ్చింది, పాఠ్యాన్ని ముందుగా ఎలా శుభ్రం చేశారు, పరీక్ష వాక్యాలు ఎక్కణ్ణుంచి తెచ్చారు, ఏ కొలతతో కొలిచారు అన్నవి వార్తల్లో ఉండవు. పరిశోధన పత్రాల్లోనూ చాలాసార్లు ఉండవు. ఆ వివరాలు లేని అంకె ప్రచారానికి తప్ప దేనికీ పనికిరాదని మా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నాం.

అరబిక్ అన్న పేరు ఒకటే గానీ భాష ఒకటి కాదు. బడి, కోర్టు, పత్రిక, వార్తా చానలు వాడేది ప్రామాణిక అరబిక్, అంటే ఫుస్‌హా. అది ఎవరికీ తల్లిభాష కాదు. ఇంట్లో, బజారులో, ఫోన్ సందేశాల్లో నడిచేది కైరో మాట, డమాస్కస్ మాట, బాగ్దాద్ మాట, మొరాకో రాజధాని రబాత్ మాట. ఇలా రెండంతస్తులుగా ఉండే భాషా స్థితిని చార్లెస్ ఫెర్గూసన్ 1959లోనే ‘డైగ్లోసియా’ పేరుతో వివరించాడు. ‘నాకు కావాలి’ అనడానికి ఫుస్‌హాలో ‘ఉరీదు’, కైరోలో ‘ఆయిజ్’, డమాస్కస్‌లో ‘బిద్ది’, మొరాకోలో ‘బ్ఘీత్’. మాట వేరైతే యంత్రం తడబడుతుంది, ఆ తడబాటు చదివేవాడికి కనిపిస్తుంది. ఒకే మాట చోటును బట్టి అర్థం మారినప్పుడే అసలు ప్రమాదం. ‘మాషీ’ అంటే కైరోలో ‘సరే’, మొరాకోలో ‘కాదు’. రబాత్ నుంచి వచ్చిన సందేశాన్ని కైరో మాటగా చదివితే, నిరాకరణ కాస్తా ఒప్పుకోలుగా, చక్కటి భాషలో, ఏ అనుమానమూ రానివ్వకుండా బయటికి వస్తుంది.

మరి యంత్రం నేర్చుకున్నది దేన్నుంచి? ఇందులో చరిత్ర ఉంది. 2000 తర్వాత అరబిక్ - ఇంగ్లీషు అనువాద పరిశోధనకు పెద్ద ఊతం అమెరికా ప్రభుత్వ సంస్థల నుంచి వచ్చింది. ప్రమాణాల సంస్థ నిస్ట్ నిర్వహించిన అనువాద పోటీలు, 2005లో మొదలైన రక్షణ పరిశోధన సంస్థ దార్పా వారి గేల్ కార్యక్రమం అందులో ముఖ్యమైనవి. వాటికి కావలసింది వార్తలు, ప్రసారాలు. కాబట్టి పోగైన పాఠ్యమూ ఎక్కువగా అదే. రెండో పెద్ద గని ఐక్యరాజ్యసమితి. 1973లో అరబిక్ అక్కడ అధికార భాష అయింది. 2016లో విడుదలైన ఐరాస సమాంతర కార్పస్‌లో (ఒకే పాఠ్యం వేర్వేరు భాషల్లో పక్కపక్కన ఉండే నిల్వలో) 1990 నుంచి 2014 దాకా వచ్చిన పత్రాలున్నాయి. ఆరు భాషల్లోనూ జతకుదిరిన వాక్యాలే కోటికి పైగా. విలువైన సంపదే, కాదనం. కానీ ఆ పత్రాల్లో అత్యధికం ముందు ఇంగ్లీషులో రాసి అరబిక్‌లోకి తెచ్చినవి. అందులోని అరబిక్ తీర్మానాల అరబిక్. దాంతో పెరిగిన నమూనా ఒక తల్లి పిల్లాడి జ్వరం గురించి పంపిన సందేశాన్ని అనువదించమంటే ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. సినిమా ఉపశీర్షికలు వాడితే మాట్లాడే భాష దొరుకుతుందనుకుంటారు. అదీ పొరపాటే: తెర మీద పట్టేలా కుదించి, ఎక్కువగా ఫుస్‌హాలోనే రాస్తారు.

మాండలికాల వైపు చూస్తే నిల్వలు చిన్నవి. 2018లో వచ్చిన మదార్ కార్పస్‌లో 25 నగరాల మాటలున్నాయి. ఒక్కో నగరానికి 2,000 వాక్యాలు. అయిదు నగరాలకు మాత్రం, అంటే బేరూత్, కైరో, దోహా, ట్యూనిస్, రబాత్‌లకు, మరో 10,000 చొప్పున. మూల వాక్యాలన్నీ పర్యాటకులు వాడేవే: హోటలు ఎక్కడ, టికెట్ ఎంత. అందులో మంచి మార్కులొస్తే ఆస్పత్రిలోనూ పనిచేస్తుందని చెప్పలేం. ఇక ఈజిప్షియన్ అరబిక్ వికీపీడియాలో వ్యాసాల సంఖ్య ప్రామాణిక అరబిక్ వికీపీడియాను దాటిపోయింది. సంతోషించే ముందు తెరిచి చూడాలి. చాలా భాగం ఒకే మూసలో స్వయంచాలకంగా పుట్టించిన రెండు మూడు వాక్యాల వ్యాసాలు. దాన్ని ‘కైరో వాడుక భాష’ అని నమూనాకు తినిపిస్తే అది నేర్చుకునేది మూసను.

లిపి దగ్గర ఇంకో చిక్కు. 28 అక్షరాల అరబిక్ వర్ణమాలలో హ్రస్వాచ్చులకు అక్షరాలు లేవు. గుర్తులున్నాయి గానీ ఖురాన్‌లో, పిల్లల పుస్తకాల్లో తప్ప మామూలు రాతలో పెట్టరు. కాఫ్, తా, బా అనే మూడక్షరాలు ‘కతబ’ అయితే రాశాడు, ‘కుతిబ’ అయితే రాయబడింది, ‘కుతుబ్’ అయితే పుస్తకాలు. కాలేజీ అనే ‘కుల్లియ్య’, మూత్రపిండం అనే ‘కుల్య’ కాగితం మీద ఒకేలా ఉంటాయి. పైగా ముందూ వెనకా మాటలు అతుక్కుంటాయి. ‘వసయక్తుబూనహా’ అన్న ఒక్క మాటలో సముచ్చయం, భవిష్యత్ కాలం, క్రియ, బహువచనం, ‘దాన్ని’ అన్న సర్వనామం అన్నీ ఉన్నాయి. ఎక్కడ విడదీయాలన్నది అర్థాన్ని బట్టి మారుతుంది: వావ్, హా, మీమ్ అనే మూడక్షరాలను కలిపి చదివితే ‘వహ్మ్’, అంటే భ్రమ, విడదీస్తే ‘వ హుమ్’, అంటే ‘వాళ్లూ’.

2017 అక్టోబరులో జరిగింది గుర్తుండే ఉంటుంది. వెస్ట్ బ్యాంక్‌లో ఒక పాలస్తీనా కార్మికుడు బుల్‌డోజర్ పక్కన దిగిన ఫొటో కింద ‘శుభోదయం’ అన్న అర్థంలో మాట రాశాడు. ఫేస్‌బుక్ అనువాదం హీబ్రూలో ‘వాళ్ల మీద దాడి చెయ్యండి’ అని చూపింది. ఇజ్రాయెల్ పోలీసులు అరెస్టు చేసి, కొన్ని గంటల తర్వాత వదిలేశారు. అరెస్టుకు ముందు అరబిక్ తెలిసిన అధికారి ఎవరూ అసలు మాట చదవలేదని అప్పటి వార్తలు చెప్పాయి. హ్రస్వాచ్చులు లేని పొట్టి రాత, వెనకాముందు సందర్భం లేదు: యంత్రం బోల్తా పడేది ఇలాంటి చోటే. వార్తా కథనం లాంటి పొడుగు వాక్యాల మీద తెచ్చుకున్న 90 శాతానికి ఇక్కడ పూచీ లేదు.

ఇప్పుడు శుభ్రపరచడం గురించి. పత్రాల్లో ఒక్క వాక్యంలో తేల్చేసే ఈ దశలోనే ఫలితాలు సగం తారుమారవుతాయి. పీడీఎఫ్‌ల నుంచి తీసిన పాఠ్యంలో అక్షరాలు మామూలు సంకేతాలతో కాక, అక్షరం మాట మొదట్లో ఉంటే ఒకటి, మధ్యలో ఉంటే ఒకటి అన్నట్టు ఆకార సంకేతాలతో వస్తాయి. కంటికి తేడా తెలియదు, యంత్రానికి మాత్రం అది వేరే మాట. యూనికోడ్ (అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం) అనుకూలతా సాధారణీకరణతో, అంటే ఆకార సంకేతాలను మామూలు సంకేతాలకు మార్చడంతో, ఇది చక్కబడుతుంది. అయితే అదే పని ప్రవక్త పేరు పక్కన వచ్చే ఒంటి సంకేతాన్ని, యూనికోడ్‌లో ఒకే స్థానంలో ఉన్నదాన్ని, 18 సంకేతాల పూర్తి వాక్యంగా విప్పేస్తుంది. మతగ్రంథాల మీద పనిచేసేవాళ్లు దాన్ని ముందే పక్కన పెట్టాలి. తర్వాత అక్షరాలను సాగదీసే తత్వీల్ గీతను తీసెయ్యాలి. పర్షియన్ కీబోర్డు నుంచి వచ్చిన కాఫ్, యా అక్షరాలను అరబిక్ సంకేతాలకు మార్చాలి. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా తర్వాతి మెట్టులో. హంజా (గొంతు నొక్కును తెలిపే చిన్న గుర్తు) ఉన్న అలిఫ్ అక్షరాలన్నిటినీ ఉత్త అలిఫ్ చేయడం, మాట చివరి యానూ, చుక్కల్లేని యాలా రాసి ‘ఆ’ అని పలికే అలిఫ్ మక్సూరానూ ఒకటి చేయడం, మాట చివర చుక్కలతో వచ్చే స్త్రీలింగ అక్షరం తా మర్బూతాను హాగా మార్చడం పరిపాటి అయిపోయింది. వెతుకులాటకు ఇది మంచిదే. ఈజిప్టులో చివరి యాకు చుక్కలు పెట్టకపోవడం మామూలు కాబట్టి అవసరం కూడా. కానీ అనువాదానికి? ‘మీద’ అనే ‘అలా’, మనిషి పేరు ‘అలీ’ ఒకటైపోతాయి. ‘మక్తబ’ అంటే గ్రంథాలయం, ‘మక్తబుహు’ అంటే అతని బల్ల. ఈ రెండూ కలిసిపోతాయి. ఇంగ్లీషు నుంచి అరబిక్‌లోకి తెచ్చే నమూనాను ఇలాంటి పాఠ్యంతో పెంచితే, అది రాసే ప్రతి పేరాలోనూ అక్షరదోషాలే. కాబట్టి చదివే వైపు సాధారణీకరణ, రాసే వైపు అసలు రూపం అన్నది సరైన పద్ధతి. అసలు పాఠ్యం ప్రతిని ఎప్పుడూ విడిగా దాచాలి. అచ్చుల గుర్తులదీ అంతే: గుర్తులున్న పాఠ్యం, లేని పాఠ్యం కలిపేస్తే ఒకే మాట రెండు మాటలుగా లెక్కకొస్తుంది.

మాటలను విడదీయడానికి పనిముట్లకు కొదవ లేదు. బక్‌వాల్టర్ పద విశ్లేషకం 2002లో విడుదలైంది. ఒక మాటకు సాధ్యమైన విశ్లేషణలన్నీ ఇచ్చేస్తుంది. సందర్భాన్ని బట్టి వాటిలో ఒకటి ఎంచే పని 2014 నాటి మదమీరా, ఆ తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీ అబుధాబి వారి కామెల్ టూల్స్ చేస్తున్నాయి. ఖతార్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వారి ఫరాసా వేగంగా విడదీస్తుంది. విద్యార్థులు తరచు పడే గోతి ఒకటి చెప్పాలి. బేరూత్ అమెరికన్ యూనివర్సిటీలో 2020లో తయారైన అరాబర్ట్ అనే అరబిక్ భాషా నమూనాలో కొన్ని కూర్పులు ఫరాసాతో విడదీసిన పాఠ్యం మీద పెరిగాయి, కొన్ని విడదీయని పాఠ్యం మీద. మొదటి రకానికి విడదీయని వాక్యాలిస్తే అది మొరాయించదు, ఏ హెచ్చరికా రాదు, మార్కులు మాత్రం పడిపోతాయి. విద్యార్థి తప్పు నమూనాదే అనుకుంటాడు.

శిక్షణ పాఠ్యాన్నీ పరీక్ష పాఠ్యాన్నీ వేరుచేసే తీరు ఇంకా ముఖ్యం. ఒకే ఏజెన్సీ వార్త పది వెబ్‌సైట్లలో చిన్న మార్పులతో వస్తుంది. వాక్యాలన్నీ కలగలిపి పదోవంతు పరీక్షకు తీస్తే, శిక్షణలో చూసిన వాక్యాలే పరీక్షలో ఎదురవుతాయి. ముందు నకళ్లు ఏరెయ్యాలి, తర్వాత పత్రాల వారీగా, వీలైతే తేదీల వారీగా విడదీయాలి. ట్విట్టర్ సందేశాలైతే మనుషుల వారీగా. లేకపోతే యంత్రం మాండలికాన్ని కాక ఆ మనిషి శైలిని గుర్తుపడుతుంది.

మాండలికం గుర్తింపులో అంకెల మాయ స్పష్టంగా కనిపిస్తుంది. మదార్ వాక్యాల మీద 2018లో జరిగిన పనిలో, సగటున ఏడు మాటలున్న వాక్యం ఏ నగరానిదో 67.9 శాతం సందర్భాల్లో సరిగ్గా చెప్పగలిగారు. పదహారు మాటలు దొరికితే అది 90 దాటింది. అదే పద్ధతి, అవే నగరాలు; మారింది వాక్యం పొడవు ఒక్కటే. నాలుగు మాటల వాక్యం రెండు మూడు ఊళ్లవాళ్ల నోట అచ్చం అలాగే రావచ్చు, అలాంటప్పుడు ‘సరైన జవాబు’ ఒక్కటే అనడమే తప్పు. అందుకే 2020 నుంచి జరుగుతున్న ‘నాది’ అనే మాండలికాల గుర్తింపు పోటీల్లో 2024 నాటికి ఒక వాక్యానికి ఒకటికి మించిన జవాబులు (లేబుళ్లు) ఒప్పుకున్నారు. ఆలస్యంగానైనా మంచి పని.

కొలత సంగతి. 2002 నాటి ‘బ్లూ’ అనే కొలత యంత్రం అనువాదాన్ని మనిషి చేసిన ప్రామాణిక అనువాదంతో మాటకు మాట సరిపోల్చుతుంది. అన్నీ అతుక్కుపోయే భాషలో ఒక్క ప్రత్యయం తేడా వస్తే మాట మొత్తం తప్పు కింద పోతుంది. నమూనా ఇచ్చిన జవాబునూ ప్రామాణిక అనువాదాన్నీ రెండిటినీ విడదీసి, హంజాలు తీసేసి కొలిస్తే మార్కులు పెరుగుతాయి, అనువాదం మాత్రం అంగుళం మెరుగుపడదు. అక్షరాల గుంపులను లెక్కించే 2015 నాటి సీహెచ్ఆర్ఎఫ్ కొలతను కూడా పక్కన ఇవ్వాలి. కొలిచింది విడదీయని మామూలు పాఠ్యం మీదేనని రాయాలి. మాండలికాలకు స్థిరమైన వర్ణక్రమం లేదు కాబట్టి ఒక్క ప్రామాణిక ప్రతి చాలదు. మాట్లాడిన మాటను రాతగా మార్చే ఎంజీబీ-3 పోటీలో 16 గంటల ఈజిప్షియన్ మాటలను నలుగురి చేత విడివిడిగా రాయించింది ఇందుకే. ఖర్చు ఎక్కువే, కానీ దగ్గరదారి లేదు. 2022లో వచ్చిన ఫ్లోరెస్-200 పరీక్షలో మొరాకో, ట్యునీషియా, ఈజిప్టు, నజ్ద్ (సౌదీ మధ్య ప్రాంతం) వంటి రకాలున్నాయి. అయితే అన్ని పాఠాలకూ మొదలు ఇంగ్లీషు వాక్యాలే. కైరో మనిషి తనంతట తాను రాసిన వాక్యం అందులో దొరకదు.

పాఠ్యం పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టడం కొత్త ఆచారమేమీ కాదు. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో అనువాదకుడు హునయ్న్ ఇబ్న్ ఇస్‌హాక్ గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాల అనువాదాల మీద పెద్ద లేఖే రాశాడు: ఏది ఎవరి కోసం చేశాడు, ఏ ప్రతి చెడిపోయి ఉంది, తర్వాత మంచి ప్రతి దొరికాక ఎలా దిద్దాడు, అన్నీ. ఈ కాలంలో 2023 నాటి జైస్ అనే అరబిక్ - ఇంగ్లీషు భాషా నమూనా తయారీదారులు శిక్షణకు వాడిన 39,500 కోట్ల టోకెన్లలో (మాటలు, మాట ముక్కల్లో) అరబిక్ 11,600 కోట్లని, అందులో కొంత ఇంగ్లీషు నుంచి యంత్రంతోనే అనువదించినదని తమ పత్రంలో రాశారు. యంత్రానువాదంతో యంత్రాన్ని పెంచడం మాకు నచ్చదు. కానీ చెప్పారు కాబట్టే దాని మీద చర్చ వీలవుతోంది.

చివరగా మనుషుల చేత దిద్దించడం. రబాత్ అనువాదాన్ని కైరో మనిషి దిద్దలేడు. ఆ ఊరి మాట పుట్టుకతో వచ్చినవాళ్లు కనీసం ఇద్దరుండాలి. అర్థం చేరిందా, భాష సహజంగా ఉందా అన్న రెంటికీ మార్కులు వేరువేరుగా వేయించాలి. కలిపేస్తే ‘మాషీ’ లాంటి తప్పు నున్నటి భాష కింద దాక్కుంటుంది. నిషేధార్థాలు, అంకెలు, మందుల మోతాదులు ఉన్న వాక్యాలను విడిగా తీసి లెక్కించాలి. ఇంగ్లీషులో ఒక్క ‘యు’కు అరబిక్‌లో అంత, అంతి, అంతుమా, అంతుమ్, అంతున్న అని అయిదు రూపాలున్నాయి. యంత్రం ఎటూ తేల్చుకోలేక పుంలింగ ఏకవచనం వేసేస్తుంది, ఆ వాక్యం సగటు మార్కుల్లో మామూలుగా గట్టెక్కుతుంది.

మీ విలేకరులకు ఒక మనవి. ఇకపై ఇలాంటి అంకె చేతికొస్తే, పరీక్షకు వాడిన వాక్యాలనూ నమూనా ఇచ్చిన జవాబులనూ బయటపెట్టారా అని తయారీదారులను అడగండి. పెట్టలేదంటే ఆ అంకెను శీర్షికలోకి ఎక్కించకండి.

ఇట్లు,
అరబిక్ భాషాశాస్త్రం, యంత్రానువాదం రంగాల్లో పనిచేస్తున్న కొందరు పరిశోధకులు