వరదను కొండల్లోనే నెమ్మదింపజేయండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మేం ఒడిశా సరిహద్దులో వంశధార ఒడ్డున ఉండే తెలుగువాళ్లం. రెండు అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు, అందుకే నలుగురి ముందు రాస్తున్నాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి మా అమ్మను మంచంతో సహా డాబా మీదికి మోశాం. ఇప్పటికీ మబ్బు పడితే ఆమెకు నిద్ర ఉండదు, మాకు టెన్షన్.

గట్టు ఎత్తు పెంచితే చాలంటారు. నీళ్లు వచ్చేది ఎగువ కొండల నుంచి కదా సార్, అక్కడ చెట్టు పోయిన వాలు మీద పడ్డ వాన నేలలోకి ఇంకకుండా గెడ్డల్లో, అంటే కొండ వాగుల్లో పడి ఒక్కసారిగా మా మీదికి వస్తోంది. ఇంగ్లండ్‌లో పికరింగ్ అనే ఊరికి ఎగువన వాగులకు అడ్డంగా దుంగలు పేర్చి, చెట్లు నాటి, నీళ్లు కాసేపు నిలిచేలా ఒక గట్టు కట్టారు; 2015 డిసెంబర్ వానల్లో వరద ఉధృతి 15 నుంచి 20 శాతం తగ్గిందని లెక్క తేలింది. మనది తుపాను వాన, పూర్తిగా ఆగదు, తెలుసు. కానీ వరద రెండు గంటలు ఆలస్యమైనా పశువుల తాళ్లు విప్పుకోగలం.

ఈ వేసవిలోనే ఉపాధి హామీ పనుల్లో వాలుకు అడ్డంగా కందకాలు, గెడ్డల్లో రాతి కట్టలు, ఒడ్డున వెదురు పెట్టించండి. ఎక్కడ పెట్టాలో కొండ ఊళ్ల సవర గిరిజనులనే అడగండి, వాళ్లకు ప్రతి గెడ్డా తెలుసు. ఎగువ, దిగువ ఊళ్లను కలిపి కూర్చోబెట్టే తేదీ చెప్పండి, మేం వస్తాం.