ఆరోగ్యశాఖ మంత్రి గారికి, మా నాన్న మందుల డబ్బా గురించి

మంత్రి గారూ, నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర ఓ పల్లె. ఉద్దానం కిడ్నీల గోల మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, సంతోషం. నేను రాసేది ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక జరిగే దాని గురించి.

నాన్న కిడ్నీ జబ్బుతో విశాఖలో ఓ పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులుండి వచ్చారు. చేతిలో మూడు పేజీల ఇంగ్లీషు కాగితం పెట్టి, 'ఇవి వాడండి' అన్నారు. పదో రోజో పదకొండో రోజో జీడితోటలో కళ్ళు తిరిగి పడిపోయారు. పక్కవీధిలో ఫార్మ్‌డి (మందుల వాడకం మీద డిగ్రీ) చదివిన అమ్మాయి సెలవులకి వచ్చి ఉంది కాబట్టి సరిపోయింది. బిస్కెట్ల డబ్బాలో ఉన్న మందులన్నీ చాప మీద కుమ్మరించి చూసింది. ఇదివరకు పీహెచ్‌సీలో ఇచ్చిన టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర ఉంది, విశాఖలో రాసిందీ అదే, కంపెనీ పేరే వేరు, నాన్న రెండూ వేసుకుంటున్నారు! ఇంకోటి కత్తిరించిన స్ట్రిప్పు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పికి కొన్నదట, షాపులో అడిగితే డైక్లోఫెనాక్ అన్నారు. కిడ్నీ రోగి దాని జోలికే పోకూడదు. కానీ ఆ మూడు పేజీల్లో ఏం వేసుకోవాలో ఉంది గానీ ఏం మానేయాలో ఎక్కడా లేదు.

మందులు చేతికిచ్చేటప్పుడు వివరంగా చెప్పడం ఫార్మసిస్టు పనేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లోనే ఉంది. ఫార్మ్‌డి కోర్సు 2008లో మొదలైంది, చదివినవాళ్ళకి కొదవ లేదు. మా పీహెచ్‌సీ ఫార్మసిస్టునేమీ అనను, ఓపీ క్యూ, స్టాకు రిజిస్టరు చూసుకునేసరికే ఆయనకి మధ్యాహ్నం దాటుతుంది.

అడిగేది ఒక్కటే సార్. డిశ్చార్జి రోజు రోగి పాత మందులు కూడా తెప్పించి, ఓ ఫార్మసిస్టు ఎదురుగా కూర్చుని కొత్తవాటితో సరిచూడాలి. ఏవి కొనసాగించాలి, ఏవి మారాయి, ఏవి ఆపాలి అని తెలుగులో ఒక్క కాగితం రాసివ్వాలి, దాని కాపీ మా పీహెచ్‌సీకి, ఏఎన్ఎంకి చేరాలి. వారం తర్వాత ఎవరో ఒకరు ఫోన్ చేసి డబ్బాలో ఏమున్నాయో చదివించుకుంటే ఇంకా మంచిది.

వచ్చే నెల నాన్నకి మళ్ళీ విశాఖలో చెకప్, కొత్త చీటీ రాస్తారు. ఆ అమ్మాయి సెలవులైపోయి వెళ్ళిపోయింది.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఓ కూతురు