హాకీ అమ్మాయిల వార్త ఓడిన రోజే ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మహిళల హాకీ ప్రపంచకప్ అర్హత టోర్నీ 2026 మార్చి 8 నుంచి 14 వరకు హైదరాబాద్‌లో జరగబోతోంది. ఈ కబురు మీ క్రీడల పేజీలో అట్టడుగున నాలుగు వాక్యాల్లో కనిపించింది. దాని పైనే ఒక క్రికెటరు మోకాలి నొప్పి మీద మూడు కాలమ్‌ల కథనం ఉంది. ఆ మోకాలు త్వరగా బాగుపడాలని నేనూ కోరుకుంటున్నాను. కానీ ఎనిమిది దేశాల అమ్మాయిలు ప్రపంచకప్‌లో చోటు కోసం మన నగరానికి వస్తుంటే ఆ వార్తకు అంతకన్నా జాగా దొరకదా?

ఇది స్నేహపూర్వక సిరీస్ కాదు. మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్లకు ఆగస్టులో బెల్జియం, నెదర్లాండ్స్ కలిసి నిర్వహించే ప్రపంచకప్‌లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, కొరియా, ఇటలీ వంటి జట్లు అందుకే వస్తున్నాయి. మన జట్టుకు ఈ గండం తప్పి ఉండేది. 2025 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా కప్ గెలిచి ఉంటే చోటు అక్కడే ఖాయమయ్యేది. ఫైనల్లో చైనా చేతిలో 1-4తో ఓడిపోయాం. అంతకు ముందే మేటి జట్లు ఆడే ప్రో లీగ్‌లో అట్టడుగున నిలిచి, ఆ పోటీ నుంచి కిందికి జారిపోయాం. వీటి గురించి మీ పత్రిక రాసింది. ఓడినప్పుడు రాయడం మీరు మరచిపోరు, ఆ మాట ఒప్పుకోవాలి.

అర్హత టోర్నీ ఎంత నిర్దయగా ఉంటుందో తెలియాలంటే 2024 జనవరిలో రాంచీలో జరిగింది గుర్తుచేసుకోవాలి. పారిస్ ఒలింపిక్స్‌కు మూడు బెర్తులు, ఎనిమిది జట్లు. తొలి మ్యాచ్‌లోనే అమెరికా చేతిలో 0-1తో ఓటమి. తర్వాత న్యూజిలాండ్‌పై 3-1తో, ఇటలీపై 5-1తో గెలుపు. సెమీఫైనల్లో జర్మనీ. దీపిక గోలుతో మనమే ముందంజ వేశాం. చివరి నిమిషాల్లో స్టాపెన్‌హోర్స్ట్ తన రెండో గోలు కొట్టి జర్మనీని 2-1 ఆధిక్యంలో నిలిపింది. ఇక అయిపోయిందనుకున్న వేళ ఇషికా చౌధరి స్కోరు సమం చేసింది. స్కోర్లు సమమైతే విజేతను తేల్చే షూటౌట్‌లో ఒక్కో క్రీడాకారిణికి దొరికేది ఎనిమిది సెకన్లు. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప మరెవరూ ఉండరు. అక్కడ 3-4తో ఓడిపోయాం.

ఇంకా మూడో స్థానం మిగిలి ఉంది. ప్రత్యర్థి జపాన్. ఇదే రాంచీ మైదానంలో రెండున్నర నెలల కిందట ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో మన జట్టు 4-0తో చిత్తు చేసిన జపానే. ఈసారి ఆరో నిమిషంలో పెనాల్టీ కార్నర్ (ప్రత్యర్థి తప్పు చేస్తే గోలు దగ్గర దొరికే అవకాశం) నుంచి వాళ్లు కొట్టిన ఒకే ఒక్క గోలు మ్యాచ్‌ను తేల్చేసింది. మిగిలిన సమయమంతా మన అమ్మాయిలు దాడి చేస్తూనే ఉన్నారు. ఒక్క పెనాల్టీ కార్నర్ కూడా గోలుగా మారలేదు. జర్మనీ, అమెరికా, జపాన్ పారిస్‌కు వెళ్లాయి. టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను ఇంటికి పంపి నాలుగో స్థానంలో నిలిచిన జట్టు పారిస్ క్రీడలను టీవీలో చూసింది.

ఈ పద్ధతి మీద నాకొక అభ్యంతరం ఉంది. టోక్యో బెర్తు కోసం 2019లో భువనేశ్వర్‌లో అమెరికాతో రెండు మ్యాచ్‌లు పెట్టి, రెండింటి గోల్స్ కలిపి లెక్కించారు. మొదటి రోజు 5-1తో గెలిచిన మన జట్టు రెండో రోజు విరామానికే నాలుగు గోల్స్ ఇచ్చేసింది. రాణీ రాంపాల్ కొట్టిన గోలుతో మొత్తం 6-5 అయి గట్టెక్కాం. ఒక రోజు చెడితే ఇంకో రోజు ఆదుకునేది. ఒకే వారంలో అన్నీ ముగిసే టోర్నీలో ఆ వెసులుబాటు లేదు. నాలుగేళ్ల శ్రమను ఒక గంట తేల్చేస్తుంది. ఎక్కువ దేశాలను ఒకచోట చేర్చడానికి ఇది వీలైన పద్ధతే కావచ్చు, కానీ దాని ఫలితాన్ని చూసి జట్టు మొత్తానికి విలువ కట్టడం మాత్రం అన్యాయం.

అయినా రాంచీ తర్వాత జరిగింది అదే. పత్రికలు, టీవీలు రెండు రోజులు తిట్టాయి, మూడో రోజు మరచిపోయాయి. అప్పటి కోచ్ యానెకె షాప్‌మన్ ఈ దేశంలో మహిళగా తనకు తగిన గౌరవం దక్కలేదని బాహాటంగా ఆవేదన చెప్పి, ఫిబ్రవరిలో పదవి వదిలి వెళ్లారు. ఆమె మాటల్లో అతిశయోక్తి ఉందనుకునేవారు టోక్యో రోజులు గుర్తుచేసుకోవాలి. దక్షిణాఫ్రికాపై హ్యాట్రిక్ కొట్టిన వందనా కటారియా ఇంటి ముందు, సెమీఫైనల్ ఓడిన రాత్రి కులం పేరెత్తి కొందరు టపాసులు కాల్చారు. అదే వందన రాంచీ టోర్నీకి ముందు చెంప ఎముక విరిగి జట్టుకు దూరమైంది. ఆమె లేని లోటు ఎంతో స్కోర్లు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

లాల్‌రెమ్‌సియామి సంగతి మీ పాఠకుల్లో ఎందరికి తెలుసు? 2019లో హిరోషిమాలో జరిగిన టోర్నీలో సెమీఫైనల్‌కు ముందు మిజోరంలో తండ్రి కన్నుమూశారు. ఆమె ఇంటికి వెళ్లకుండా జట్టుతోనే ఉండి ఫైనల్ కూడా ఆడింది. ఆ టోర్నీలో ఫైనల్‌కు చేరినందువల్లే భువనేశ్వర్ మ్యాచ్‌లు ఆడే అర్హత మనకు వచ్చింది. సలీమా టేటే ఝార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో వెదురు కర్రతో హాకీ నేర్చుకుని దేశానికి కెప్టెన్ అయింది. నిక్కీ ప్రధాన్ ఝార్ఖండ్ నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి మహిళా హాకీ క్రీడాకారిణి. వీళ్ల గురించి రాయడానికి ఓటమి కోసం ఎదురుచూడనక్కర్లేదు.

మన తెలుగువాళ్ల వరకు వస్తే కథ మరీ చిన్నబోతుంది. చిత్తూరు జిల్లా అమ్మాయి ఇతిమరపు రజని టోక్యోకు రిజర్వ్ గోల్‌కీపర్‌గా వెళ్లింది. సవిత గోల్‌పోస్టు ముందు గోడలా నిలిచిన కాలంలో రెండో గోల్‌కీపర్‌గా ఉండటమంటే ఎంత ఓర్పు కావాలో ఊహించవచ్చు. రాంచీలో జట్టు ఓడిన నెలలోనే మస్కట్‌లో ఐదుగురితో ఆడే హాకీ ప్రపంచకప్ జరిగింది. రజని కెప్టెన్‌గా మన జట్టు ఫైనల్ దాకా వెళ్లి రజతం తెచ్చింది. ఆ వార్త మీ పత్రికలో నాకు కనిపించలేదు.

డబ్బు విషయం కూడా చెప్పుకోవాలి. పురుషులకు హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలైంది. మహిళలకు 2025 జనవరిలో, అదీ రాంచీలోనే మొదలైంది. పురుషులకు ఎనిమిది జట్లు, మహిళలకు నాలుగు. 2024లో జరిగిన వేలంలో పురుషుల జట్టు ఒక్కోటి రూ.4 కోట్లు, మహిళల జట్టు రూ.2 కోట్లు ఖర్చు పెట్టే వీలుండేది. పురుషుల్లో హర్మన్‌ప్రీత్ సింగ్‌కు రూ.78 లక్షలు పలికితే, ఆ వేలంలో మహిళల్లో అందరికన్నా ఎక్కువ పలికిన ఉదితకు రూ.32 లక్షలు. హైదరాబాద్ పేరుతో పురుషుల జట్టు ఉంది, తొలి ఏడాదే ఫైనల్ ఆడింది. హైదరాబాద్‌కు మహిళల జట్టు లేదు. అంతర్జాతీయ టోర్నీకి వేదిక కాగల నగరానికి ఒక మహిళల జట్టును పోషించే స్తోమత లేదంటే నేను నమ్మను. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో మన మహిళలు స్వర్ణం గెలిచింది ఈ హైదరాబాద్‌లోనే.

అందుకని మిమ్మల్ని, మీ ద్వారా తెలంగాణ క్రీడా శాఖను కొన్ని అడుగుతున్నాను. హకీంపేట క్రీడా పాఠశాల ఆడపిల్లల్ని, జిల్లాల్లో హాకీ ఆడే బాలికల్ని బస్సుల్లో తెచ్చి గ్యాలరీల్లో కూర్చోబెట్టాలి. మంత్రుల వెనుక వరుసల్లో కాదు, ఆట బాగా కనిపించే చోట. లీగ్‌లో హైదరాబాద్ పేరు వాడుకుంటున్న యజమానులను మహిళల జట్టు ఎప్పుడని మీ విలేకరి నేరుగా అడిగి, వాళ్లు చెప్పిన జవాబు అచ్చు వేయాలి. టోర్నీకి ముందే రోజుకొక క్రీడాకారిణిని పాఠకులకు పరిచయం చేయాలి. పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో, షూటౌట్ ఎలా సాగుతుందో ఒక బొమ్మ వేసి వివరించినా చాలు, కొత్తవాళ్లు టీవీ ముందు కూర్చుంటారు.

టోర్నీ మొదలయ్యే మార్చి 8 మహిళా దినోత్సవం కూడా. ఏటా ఆ రోజు మీరు గులాబీ రంగు అనుబంధం వేసి, అందులో సౌందర్య సాధనాల ప్రకటనల మధ్య స్త్రీ శక్తి గురించి రాస్తారు. ఈసారి అందులో ఒక నిండు పేజీ ఈ జట్టుకు కేటాయించండి. మ్యాచ్‌ల వేళలు, టికెట్ దొరికే చోటు, మైదానానికి వెళ్లే బస్సుల నంబర్లు కూడా అదే పేజీలో వేయండి.

భవదీయుడు,
మీ పాత పాఠకుడు, హైదరాబాద్