పాటల దొంగ అనే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఆఫీసు కంప్యూటర్లలో అనుమతి లేకుండా పాటలు డౌన్‌లోడ్ చేసుకోవడం ముమ్మాటికీ దొంగతనమేనని ఒకరు, పాటేమైనా తరిగిపోయిందా అని మరొకరు మీ లేఖల పేజీలో వాదించుకుంటున్నారు. ఒక సంస్థలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగిని నేను. ఇద్దరూ చెప్పాల్సిన సంగతి వదిలేసి పోట్లాడుకుంటున్నారనిపించింది. అది దొంగతనం కాదు. కానీ దొంగతనం కానంత మాత్రాన తప్పు కాకుండా పోదు. పైగా ఆఫీసులో ఆ తప్పుకు జవాబు చెప్పుకోవాల్సింది చేసినవాడొక్కడే కాదు.

దొంగతనం అనాలంటే వస్తువు యజమాని చేతిలోంచి పోవాలి. కాపీ చేసిన పాట యజమాని దగ్గర యథాతథంగా ఉంటుంది. ఇదేదో కుర్రకారు కొంటె వాదన అనుకునేవారు అమెరికా సుప్రీంకోర్టు 1985లో డౌలింగ్ కేసులో ఇచ్చిన తీర్పు చూడాలి. ఎల్విస్ ప్రెస్లీ పాటలను అనుమతి లేకుండా రికార్డులుగా వేసి అమ్మిన మనిషి మీద, దొంగసొత్తును రాష్ట్రాలు దాటించిన నేరం కూడా మోపారు. అది చెల్లదని కోర్టు కొట్టేసింది. కాపీరైట్‌ను ఉల్లంఘించినవాడు ఆ హక్కును తన చేతుల్లోకి లాక్కోవడం లేదు, యజమాని దాన్ని వాడుకోకుండా పూర్తిగా అడ్డుపడటమూ లేదు అన్నది తీర్పు సారం. అలాగని ఆ మనిషి తప్పించుకోలేదు. కాపీరైట్ ఉల్లంఘన నేరం అతని మీద అలాగే నిలిచింది.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా దీన్ని ఉల్లంఘన అనే అంటుంది. తెలిసి చేసినవారికి 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయకపోతే, తగిన ప్రత్యేక కారణాలు తీర్పులో రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. కాబట్టి దొంగతనం కాదు కదా అని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవాల్సిన పనిలేదు.

మరి సంగీత పరిశ్రమ దొంగతనం అనే మాటను అంత పట్టుదలగా ఎందుకు వాడింది? జనం సిగ్గుపడతారని కావచ్చు. జరిగింది వేరు. అమెరికాలో రికార్డింగ్ కంపెనీల సంఘం 2003 నుంచి మామూలు మనుషుల మీద వేల కేసులు వేసింది. 24 పాటల కోసం ఒక మహిళ 19 లక్షల 20 వేల డాలర్లు కట్టాలని 2009లో జ్యూరీ తేల్చింది. అంటే పాటకు 80 వేలు! తర్వాత అనేక మలుపులు తిరిగి 2012లో అప్పీలు కోర్టులో అది 2 లక్షల 22 వేలకు దిగింది. ఆ అంకెలు చదివిన వాళ్లకు దొంగ మీద కోపం రాలేదు, ఆమె మీద జాలి కలిగింది. ఇక 2005లో సోనీ బీఎంజీ అనే సంగీత కంపెనీ నిర్వాకం మరీ విచిత్రం. కాపీలను ఆపుతామంటూ ఆ సంస్థ తన సీడీల్లో ఒక రహస్య సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది కొన్నవాళ్ల కంప్యూటర్లలో దాక్కుని, వైరస్‌లకు దారి తెరిచింది. చివరికి ఆ సీడీలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఉచితంగా దించుకున్నవాడికి ఏమీ కాలేదు. డబ్బు పెట్టి కొన్నవాడే దెబ్బతిన్నాడు.

ఇంత మాత్రానికే కంపెనీలు చెడ్డవి కాబట్టి మనం చేసేది మంచిదనే లెక్క నాకు ఒంటబట్టదు. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు ఎలాగూ ఏమీ ముట్టదు, మధ్యలో మనం తీసుకుంటే ఏం పోయింది అనే వాదన ఒకప్పుడు కొంత నిజం. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత మన దేశంలో అదీ నిలవదు. సినిమా పాటైనా సరే, రాయల్టీలో తమ వాటాను గీత రచయిత, సంగీత దర్శకుడు నిర్మాతకు రాసిచ్చేయడానికి వీల్లేదని చట్టమే చెప్పింది. వసూళ్లు సవ్యంగా జరుగుతున్నాయా అన్నది వేరే లేఖ రాయాల్సినంత విషయం.

ఇక ఆఫీసు సంగతి. ఇంట్లో చేసినవాడు తన నెత్తి మీదికే తెచ్చుకుంటాడు. ఆఫీసులో చేసినవాడు సంస్థ నెత్తి మీదికి తెస్తాడు. ఎలాగో చాలామందికి తెలియదు. టోరెంట్‌లో, అంటే ఒకరి కంప్యూటర్ నుంచి మరొకరు ఫైళ్లను ముక్కలుగా దించుకునే పద్ధతిలో, పాట దిగుతున్నంతసేపూ అప్పటికి వచ్చిన ముక్కలు మన కంప్యూటర్ నుంచే ఇతరులకు వెళ్తుంటాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పని చేసుకుంటున్న ఉద్యోగికి తాను పంపిణీదారుడినయ్యానన్న స్పృహ ఉండదు. బయటి నుంచి చూసేవాళ్లకు కనిపించేది అతని పేరు కాదు, సంస్థ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో దాని చిరునామా సంఖ్య. నోటీసు సంస్థకే వస్తుంది.

అక్కడితో అయిపోదు. దించిన పాటలను ఎవరో ఉదారంగా అందరూ వాడే ఫోల్డర్‌లో పెడతారు. మా బోటివాళ్లం పెట్టిన బ్యాకప్ రాత్రికి రాత్రే ఆ ఫోల్డర్‌నూ కాపీ చేస్తుంది, మర్నాడు మళ్లీ ఇంకో చోటికి. అంటే ఉద్యోగి ఒక కాపీ తీస్తే సంస్థ తన యంత్రాలతో తానే ఇంకొన్ని తీసి భద్రంగా దాచుకుంటోంది. పెట్టినాయన ఉద్యోగం మారి వెళ్లిపోయినా పాటలు ఇక్కడే ఉంటాయి. మాకు తెలియదు అని సంస్థ ఎంత గట్టిగా అనగలదు? 2002లో అరిజోనాలోని ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే సంస్థ, తన ఉద్యోగులు సర్వర్‌లో పెట్టుకున్న ఎంపీ3 పాటల వ్యవహారంలో రికార్డింగ్ సంఘానికి 10 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆ సర్వర్ పాటలు అమ్మడానికి పెట్టింది కాదు, సంస్థ సొంత ఉద్యోగులు వాడుకునేది.

అందుకే ఆఫీసులో తప్పు ప్రధానంగా తోటివాళ్ల పట్ల చేసేదని నేనంటాను. అనుమతి లేకుండా వాళ్లందరినీ ఒక పూచీలో ఇరికించడం అది. ఉద్యోగం ఊడగొట్టేంత నేరమా అంటే, మొదటిసారికి కాదు. చాలా సంస్థల్లో దీని మీద రాతపూర్వకమైన నియమమే ఉండదు, దొరికినప్పుడు మాత్రం దొంగ దొరికినట్టు హడావుడి. టోరెంట్లు వాడకూడదు, సొంత పాటలు సర్వర్‌లో పెట్టకూడదు అని ఒక్క వాక్యం, ఉద్యోగంలో చేర్చుకునే రోజునే చెప్పాలి. పాత ఫోల్డర్‌ను బ్యాకప్‌లతో సహా తీసేయాలి. తాను కొనుక్కున్న పాటను తన ఫోన్లో వింటున్నవాడిని ఈ గొడవలోకి లాగకూడదు.

చివరగా యాజమాన్యాలకు ఒక మాట. డౌన్‌లోడ్ చేస్తే దొంగతనమేనని నోటీసు అంటించే ఆఫీసుల్లోనే, సందర్శకులు కూర్చునే హాల్లో రోజంతా సంగీతం మోగుతుంటుంది. చాలాచోట్ల అది ఎవరో ఒక మేనేజర్ గారి సొంత స్ట్రీమింగ్ ఖాతా. వ్యక్తిగత వినియోగానికి మాత్రమే అని ఆ ఖాతా షరతుల్లోనే రాసి ఉంటుంది. పదిమంది కూర్చునే చోట వినిపించడానికి లైసెన్సు వేరే తీసుకోవాలి. ఆ లైసెన్సు కాగితం ఉందేమో నోటీసు మీద సంతకం పెట్టినవారే ఒకసారి చూసి చెబితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు